ఆ ఇంటి గాలి

కడియపులంకలో నర్సరీ నడిపే వాళ్ళందరికీ మొక్కలు పంపించడం తెలుసు. చచ్చిన మొక్కల్ని తిరిగి అందుకోవడం మాత్రం, ఫోన్లో అమ్మకాలు మొదలయ్యాకే సత్యవేణికి తెలిసొచ్చింది.

పొద్దున్నే కొరియర్ ఆటో వచ్చి గేటు పక్కన అట్టపెట్టెలు దించి పోయేది. ఒకదాంట్లో ఎండి పుల్లయిన గులాబీ. ఒకదాంట్లో నీళ్ళెక్కువై కుళ్ళిన కలబంద. ఒకసారైతే తాను పంపింది సపోటా అంటు, తిరిగొచ్చింది ఎక్కడో రోడ్డు పక్కన విరిచిన ఏదో కొమ్మ. సత్యవేణి ఆ కొమ్మ చేత్తో పట్టుకుని చాలాసేపు గేటు దగ్గరే నిలబడిపోయింది.

"వాకిలి" అనే యాప్‌లో ఆమె కొట్టు ఉంది. కొన్నవాళ్ళు ఒక ఫోటో తీసి, 'మొక్క పాడైపోయి వచ్చింది' అన్న బటన్ నొక్కితే చాలు, డబ్బు వాళ్ళకి వెళ్ళిపోయేది. రానుపోను రవాణా ఖర్చు అమ్మినవాళ్ళ నెత్తినే. ఒప్పుకోకపోతే రుజువు పెట్టమనేది వాకిలి. సత్యవేణి పెట్టెలో సర్దుతూ తీసిన వీడియో పెట్టేది. "మీరు పంపినప్పుడు మొక్క బాగుంది. చేరినప్పుడు బాగుందని దీనివల్ల తెలియడం లేదు" అని జవాబు వచ్చేది.

"చేరినప్పుడు ఎలాగుందో ఆ మొక్కే చెప్పాలి గానీ నేనెలా చెప్తానండీ!" అని ఆమె భర్త వీర్రాజు దగ్గర విసుక్కునేది.

ఆ మాట సువర్చల చెవిన పడింది. సువర్చల సత్యవేణి చెల్లెలు. మొక్కల శాస్త్రం చదివి, కొబ్బరితోటల్లో నీటి ఎద్దడిని ముందుగా పసిగట్టే పరిశోధనలో పని చేసింది. ఆ పరిశోధనకి నిధులు ఆగిపోవడంతో తన పరికరాలు సర్దుకొచ్చి, అక్క నర్సరీలో ఖాళీగా పడున్న విత్తనాల గదిలో దిగింది. ఆ గదిలో ఏం చేస్తోందో ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు.

"మొక్క చెప్తుందక్కా. మనం వినట్లేదంతే" అంది సువర్చల.

ఆమె చేతిలో ఉల్లిపొరలాంటి పట్టీ ఒకటుంది. దాన్ని కాండానికి చుట్టి అంటించి, సత్యవేణి చేతికి మూడు మందార మొక్కలు ఇచ్చింది. "వీటిని నీకు తోచినట్టు బాధపెట్టు. ఏం చేశావో నాకు చెప్పకు" అంది.

"మొక్కల్ని బాధపెట్టడానికా నిన్ను అంత చదివించింది?" అని గొణుక్కుంటూనే సత్యవేణి ఒకదాన్ని అటకెక్కించి చీకట్లో దాచింది. ఒకదానికి నీళ్ళు మానేసింది. మూడోదాన్ని వీర్రాజు బండికి కట్టి రాజమండ్రి దాకా తిప్పించింది. వారం గడిచాక సువర్చల ఆ పట్టీలు ఊడదీసి, పలకలాంటి పరికరం మీద పెట్టింది. తెరమీద రంగు గీతలు లేచాయి.

"ఇది చీకట్లో ఉంది. దీనికి దాహం వేసింది, మధ్యలో ఎవరో జాలిపడి ఒకసారి కాసిని నీళ్ళు పోశారు" అంటూ అక్క వైపు చూసింది. సత్యవేణి తల తిప్పుకుంది. "ఇదేమో రోడ్డెక్కింది. వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడు ఎక్కువ కుదుపులు తగిలాయి."

వీర్రాజు తెల్లబోయాడు. "వచ్చేటప్పుడు ఆకలేసిందమ్మా. కాస్త గట్టిగా తోలాను."

ముగ్గురూ పడీపడీ నవ్వారు. సువర్చల దానికి నాడిపట్టీ అని పేరు పెట్టింది. చెట్టులో పారే రసాన్ని పట్టీ చుక్కచుక్కగా తాగుతుంది. ఎండకీ చలికీ దాహానికీ కుదుపుకీ మొక్క ఒంట్లో పుట్టే మార్పులు ఒక్కొక్కటీ ఒక్కో రంగులో దాని మీద నిలిచిపోతాయి.

ఆ తర్వాత పంపిన ప్రతి మొక్కా కాండానికి నాడిపట్టీతో బయల్దేరింది. తిరిగొస్తే పరికరం దాన్ని చదివి ఒక్క ముక్కలో తీర్పు చెప్పేది. దెబ్బ నర్సరీలో తగిలిందా, దారిలోనా, కొన్నవాళ్ళ ఇంట్లోనా అని. సత్యవేణి ఆ తీర్పుల్ని వాకిలికి పంపింది. మొదట నమ్మలేదు వాళ్ళు. మనుషుల్ని పంపి పరీక్షించుకున్నారు. ఆ తర్వాత నమ్మడమే కాదు, చుట్టుపక్కల నర్సరీలన్నిటికీ ఇదే పద్ధతి పెడతామనీ, పట్టీలు తయారు చేసే హక్కు తమకివ్వమనీ సువర్చలని అడిగారు. ఆ ఒప్పందం కుదిరితే సొంత ప్రయోగశాల కట్టుకోవచ్చు. సువర్చల గోడమీద సుద్దతో ప్రయోగశాల గదులు గీసుకుంది కూడా.

వెనక్కొచ్చే పెట్టెలు సగానికి సగం తగ్గిపోయాయి. సువర్చల పట్టీలు చేసిచ్చిన పక్క నర్సరీల వాళ్ళు మిఠాయిలు పట్టుకొచ్చారు. సత్యవేణి మొహంలో చాలా కాలానికి తేటదనం వచ్చింది. దాంతోపాటు ఇంకొకటి కూడా వచ్చింది, ఆమె గమనించుకోలేదు. కొన్నవాళ్ళు ఏం రాసినా చదవడం మానేసింది. పరికరం 'ఇంట్లో' అంటే చాలు, 'తిరస్కరించాం' అన్న బటన్ నొక్కేసేది. "అబద్ధాలు. అన్నీ అబద్ధాలే. చంపేది వాళ్ళు, ఏడిచేది మనమూనా" అనేది.

హైదరాబాదు నుంచి స్వరూప అనే ఆమె మనీప్లాంటు కొంది. ఆకులు రాలిపోయాయని తిప్పి పంపింది. 'ఇంట్లో' అంది పరికరం. సత్యవేణి తిరస్కరించింది. ఆమె మళ్ళీ అరేకా పామ్ కొంది. అదీ అంతే. సత్యవేణి మళ్ళీ తిరస్కరించింది.

"మేడం, నేను రోజు చూసుకుంట నీళ్ళు పోసిన. ఎక్కువ పొయ్యలే, తక్కువ పొయ్యలే. ఏమైతుందో నాకు సమజ్ అయితలేదు. జర చూడున్రి" అని మొదలుపెట్టి ఇంకా చాలా రాసిందామె. సత్యవేణి అది సగం చదివి పక్కన పెట్టింది.

మూడోసారి స్వరూప ఫైకస్ మొక్క కొంది. ఆకులు నున్నగా, కొమ్మలు జాలువారుతూ ఉండే మొక్క. అదీ రాలిపోయింది. అప్పటికి వాకిలి ఆమెని మోసగాళ్ళ జాబితాలో చేర్చేసింది. ఇక ఏమీ కొనడానికి లేదు, ఎవరికీ రాయడానికి లేదు. మొక్కని వెనక్కి తెప్పించడానికి కూడా వాకిలి మనిషిని పంపలేదు.

అయినా ఆ మొక్క వచ్చింది. స్వరూప తన డబ్బులు పెట్టుకుని పోస్టులో పంపింది. పెట్టె తెరిచి చూసిన సత్యవేణికి చెయ్యి ఆగింది. మొక్క కదలకుండా చుట్టూ పాత చీర ముక్కలు కుక్కి ఉన్నాయి. కుండీ మట్టి ఒలకకుండా పైన గుడ్డ కట్టి ఉంది. రాలిన ఆకులు కూడా పారేయకుండా ఒక సంచిలో పెట్టింది. మోసం చేసేవాళ్ళు ఇంత జాగ్రత్తగా పంపరు.

"సువ్వీ, ఒకసారి ఇలా రావే" అని పిలిచింది.

సువర్చల ఆ పట్టీని పరికరం మీద పెట్టింది. 'ఇంట్లో' అని తీర్పు వచ్చింది, ఎప్పటిలాగే. కానీ ఈసారి ఆమె తీర్పు దగ్గర ఆగలేదు. గీతల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూసింది.

"నీళ్ళు వేళకి పోసిందక్కా. వెలుతురు బానే ఉంది. చూడు, ఇక్కడ ఆకులు తుడిచింది, దుమ్ము పోయి మొక్క బాగా ఊపిరి పీల్చుకుంది. పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది."

"మరి ఎందుకు చచ్చిందే?"

సువర్చల తెరమీద ఒక ఊదారంగు గీత చూపించింది. రోజూ పొద్దున ఒక్కసారిగా నిటారుగా లేస్తోంది. సాయంత్రానికి దిగిపోతోంది. మళ్ళీ మర్నాడు. రోజులు గడిచేకొద్దీ పైపైకి ఎగబాకుతోంది. "ఈ రంగు నేనెప్పుడూ చూళ్ళేదు. పరికరానికీ తెలీదు. తెలీనిది ఏదొచ్చినా 'ఇంట్లో' అనేస్తోంది." నెమ్మదిగా అంది. "అలా అనమని నేనే పెట్టాను."

పాత పట్టీలు వెతికి తీశారు. స్వరూప మనీప్లాంటులోనూ అదే ఊదా గీత. అరేకా పామ్‌లోనూ అదే.

విత్తనాల గదిలో ప్రయోగాలు మొదలయ్యాయి. ఫైకస్ మొక్కల్ని వరసగా గాజు తొట్టెల్లో పెట్టి మూసేశారు. ఒకదాని పక్కన దోమల చక్రం వెలిగించారు. ఇంకోదాని పక్కన ఫినాయిలు గిన్నె పెట్టారు. వేరేదానికి గోడలకేసే రంగు వాసన చూపించారు. ఆ ఊదా గీత రాలేదు. చివరికి వీర్రాజు తినడానికి తెచ్చుకున్న చక్కెరకేళీ అరటిపళ్ళని సువర్చల లాక్కుని ఒక తొట్టెలో పడేసింది.

"ఏంటమ్మా అది!" అన్నాడు వీర్రాజు.

"పళ్ళు మగ్గేటప్పుడు ఒక వాయువు వస్తుంది బావా. అది తగిలితే మొక్క ముసలిదైపోయాననుకుని ఆకులు రాల్చేస్తుంది."

మర్నాటికి ఆ తొట్టెలో మొక్క ఆకులు వేలాడేసింది. పట్టీ మీద పల్చగా ఊదా గీత లేచింది. సువర్చల ఎగిరి గంతేసింది గానీ, అంతలోనే మొహం ముడుచుకుంది. అరటిపళ్ళ గీత నెమ్మదిగా లేచి అలాగే నిలబడింది. స్వరూప ఇంటి గీత నిటారుగా లేచి పడిపోతోంది. రోజూ పొద్దునపూట మాత్రమే ఇంట్లో పళ్ళు మగ్గవు కదా.

సత్యవేణి ఆ గీతని చూస్తూ ఆలోచించింది. "పొద్దున్నే ఏం చేస్తాం మనం? పొయ్యి వెలిగిస్తాం. నీళ్ళు కాచుకుంటాం. చలికాలం కదే, స్నానాలకి వేణ్ణీళ్ళు..."

సువర్చల ఆమె మాట పూర్తికానివ్వలేదు. గ్యాసు పొయ్యి తెప్పించి, దానికి గాలి వెళ్ళే రంధ్రం మూసేసి, మొక్కతో పాటు గదిలో పెట్టి వెలిగించి, తలుపులు బిగించింది. అందర్నీ బయట నిలబెట్టింది. మంట పసుపుపచ్చగా, మసి కక్కుతూ మండింది. తర్వాత తలుపులు బార్లా తీసి, గది చల్లబడ్డాక పట్టీ తెచ్చి చదివితే, ఊదా గీత కత్తిలా నిటారుగా లేచి ఉంది. స్వరూప ఇంటి గీత మీద పెడితే అచ్చుగుద్దినట్టు కలిసిపోయింది.

సువర్చల ఆనందపడలేదు. కుర్చీలో కూలబడింది.

"అక్కా, గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే ఈ వాయువొక్కటే రాదు. దీంతో ఇంకోటి పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. మొక్కని ఏమీ చెయ్యదు. మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోతుంది. పేపర్లో చూస్తుంటాం కదా, స్నానాల గదిలో గీజరు పెట్టుకుని..."

సత్యవేణి ఇక వినలేదు. వాకిలి పెట్టెల మీద ఎప్పుడూ ఉండని స్వరూప చిరునామా పోస్టు పెట్టె మీద ఉంది, ఫోన్ నంబరూ ఉంది. కొన్నవాళ్ళతో అమ్మినవాళ్ళు నేరుగా మాట్లాడకూడదు, మాట్లాడితే కొట్టు మూసేస్తాం అని వాకిలి నియమం. ఆమె ముందు వాకిలికే ఫోన్ చేసింది. "మేడం, ఆ కేసు మీరే గెలిచారు. అది మూసేశాం" అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. ఎంత చెప్పినా అదే మాట. సత్యవేణి ఫోన్ పెట్టేసి స్వరూప నంబరు నొక్కింది.

"కడియపులంక నర్సరీ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ మొక్క వచ్చింది..."

"వచ్చింది కదా. మీరే చూడున్రి నేను దొంగనో కాదో. ఇంక నన్ను సతాయించకున్రి" అని అటువైపు నుంచి ఫోన్ పెట్టేశారు.

సువర్చల ఫోన్‌తో చేసి, "మీ ఇంట్లో విషవాయువు ఉంది" అని చెప్పబోతే, "బెదిరిస్తున్నరా?" అని స్వరూప కోపంగా అడిగి మళ్ళీ పెట్టేసింది. ఆ తర్వాత అటువైపు ఫోన్ మోగడమే మానేసింది. స్వరూప ఇంటి దగ్గర్లోని పోలీసు స్టేషనుకి చేస్తే, ఎవరు చెప్పారని అడిగారు. మొక్క చెప్పిందంటే నవ్వి, వచ్చి ఫిర్యాదు రాసివ్వమన్నారు.

"ఏవండీ, నేను వెళ్తాను. గీత రోజురోజుకీ పెరుగుతోంది. రేపు పొద్దున వాళ్ళు మళ్ళీ నీళ్ళు కాచుకుంటారు" అంది సత్యవేణి.

"వాళ్ళింటికెళ్ళావంటే కొట్టు మూసేత్తారే" అన్నాడు వీర్రాజు. ఆమె మొహం చూసి, మరింకేమీ అనకుండా బండి తాళాలు తీశాడు. "పదండి, ఇద్దర్నీ విమానానికి దిగబెడతాను. ఈసారి బండి నెమ్మదిగా తోలేది లేదు."

మొక్క తిరిగొచ్చినప్పుడల్లా రవాణా ఖర్చుకి కడుపు మండిపోయే సత్యవేణి, ఆ మధ్యాహ్నం మధురపూడి విమానాశ్రయంలో మొదటిసారి విమానం ఎక్కింది. పక్కన సువర్చల ఒళ్ళో చిన్న పరికరం ఒకటి పెట్టుకుని కూర్చుంది. గాల్లో విషం ఉంటే అది కూస్తుంది. కిటికీలోంచి గోదావరి కనిపించినా ఇద్దరూ చూడలేదు.

స్వరూప ఇల్లు రెండు పెద్ద భవనాల మధ్య ఇరుక్కుని ఉన్న కింది వాటా. కిటికీలకి చలి రాకుండా ప్లాస్టిక్ కవర్లు బిగించి ఉన్నాయి. తలుపు తీసినామెకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. వెనక కుట్టుమిషను, సగం కుట్టిన జాకెట్టు. కళ్ళకింద నల్లటి చారలు.

"ఎవరు మీరు?"

"నేను... నర్సరీ సత్యవేణినమ్మా."

స్వరూప మొహం ఎర్రబడింది. "ఇంటిదాంక వచ్చిన్రా! మూడుసార్లు నన్ను దొంగ జేసిన్రు. మా ఆయన ముంగట, వాడకట్టోళ్ళ ముంగట ఇజ్జత్ పోయింది. ఇంకేం గావాలె మీకు?"

"తిట్టమ్మా. ఎంత తిట్టినా పడతాను. ముందు ఒక్క సంగతి చెప్పు. ఇంట్లో ఎవరికైనా తలనొప్పి ఉందా?"

స్వరూప తిట్టబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళు తనకు తెలియకుండానే లోపలి మంచం వైపు తిరిగాయి. అక్కడ దుప్పటి కప్పుకుని ఒక చిన్నపిల్ల పడుకుని ఉంది.

"మా సహస్రకి... పొద్దుగాల తలకాయ నొస్తుందంటది. వాంతి జేసుకుంటది. బడికి పోతే మంచిగనే ఉంటది. బడికి పోనీకి బద్ధకమని అందరు అంటున్రు. దవాఖానల గోలీలు రాసిచ్చిన్రు." ఆమె తన కణతలు నొక్కుకుంది. "నాకు గూడ నొస్తది. మిషను ముందట గూసుంటే కండ్లు తిరుగుతయి. మీకెట్ల ఎరుక?"

"నీ మొక్క చెప్పింది" అంది సత్యవేణి.

సువర్చల అప్పటికే లోపలికి వెళ్ళింది. స్నానాల గది తలుపు తెరిస్తే పడకగదే. గోడకి గ్యాసు గీజరు. పైన గాలి పోవడానికి ఉన్న కంతని అట్టముక్కతో మూసేశారు. పక్క భవనం వాళ్ళ గోడ అక్కడికి వచ్చేసిందనీ, దోమలొస్తున్నాయనీ స్వరూప చెప్పింది. కిటికీ దగ్గర ఖాళీ కుండీలు వరసగా ఉన్నాయి. సువర్చల పిల్లని మంచం మీంచి వీధి తలుపు దగ్గరికి చేర్పించి, అందర్నీ వెనక్కి జరగమని, ఆ తలుపు తీసే ఉంచి, గీజరు వెలిగించింది. మంట పసుపుపచ్చగా లేచింది. కాసేపటికి ఆమె చేతిలోని పరికరం కూసింది. ఆపకుండా కూసింది.

గీజరు ఆర్పి, సిలిండరు కట్టేసి, ప్లాస్టిక్ కవర్లు చింపేశారు. సత్యవేణి పిల్లని దుప్పటితో సహా భుజాన వేసుకుని వీధిలోకి వచ్చింది. ఆ పిల్ల నిద్రమత్తులో ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసిన డాక్టరు, కాగితం చూసి, మరోసారి చూసి, సహస్రకి ఆక్సిజన్ పెట్టించాడు. "ఎవరు కనిపెట్టారు? ఈ చలికాలం ఇలాగే గడిచి ఉంటే ఈ పాప దక్కేది కాదు" అన్నాడు. స్వరూప భర్త మహేందర్ టాక్సీ వదిలేసి పరుగున వచ్చాడు. సంగతి విని గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. పొద్దున్నే చీకటితో టాక్సీ తీసుకుపోయే అతనికి ఏ నొప్పీ లేదు. అందుకే, నొప్పులన్నీ వట్టివేనని భార్యని అతనూ అన్నాడు.

ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పిల్ల నిద్రపోతుంటే, స్వరూప, సత్యవేణి బయట బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు.

"అన్ని మొక్కలు ఎందుక్కొన్నావమ్మా?" అడిగింది సత్యవేణి. "ఒకటి పోతే ఇంకోటి, అది పోతే ఇంకోటి?"

"ఇంట్ల గాలి మంచిగ లేదేమోనని నాకే అనిపించేది" అంది స్వరూప. "మొక్కలు పెడితే గాలి సాఫ్ అయితదని చెప్పిన్రు. పాపకి మంచిగైతదని తెచ్చిన. అవి సచ్చిపోతుంటే నాకు భయమయ్యేది. మొక్కనే బతుకుతలేదు, నా బిడ్డ ఎట్ల బతుకుతదని. గదే మీకు రాసిన. మీరు చదవలే."

సత్యవేణి ఆమె చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "చదవలేదమ్మా" అంది. "క్షమించమనడానికి కూడా మొహం చెల్లట్లేదు."

స్వరూప చెయ్యి లాక్కోలేదు.

అక్కచెల్లెళ్ళు ఊరికి తిరిగొచ్చేసరికి వాకిలిలో సత్యవేణి కొట్టు మూతపడి ఉంది. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళినందుకు. దాని గురించి ఆమె పెద్దగా బాధపడలేదు. ఆమె బాధంతా విత్తనాల గదిలో పేర్చి ఉన్న పాత పట్టీల గురించి. అన్నీ 'ఇంట్లో' అని తీర్పు వచ్చినవే. అన్నీ తన చేత్తో తిరస్కరించినవే. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ మళ్ళీ చదివారు. ఎక్కువభాగం మామూలు సంగతులే: దాహం, ఎండ, మతిమరుపు. కానీ విజయనగరం నుంచి వచ్చిన ఒక తులసిలో పల్చగా ఊదా గీత కనిపించింది. నెల్లూరు గులాబీలో ఉప్పు పేరుకుని ఉంది. ఆ ఇంటి బోరునీళ్ళు పాడయ్యాయి. చిరునామాలు ఇవ్వమని వాకిలిని అడిగితే కుదరదన్నారు. ఒప్పందం మీద సంతకం ఎప్పుడు పెడతారని సువర్చలని తిరిగి వాళ్ళే అడిగారు.

సువర్చల గోడమీది సుద్దగీతల వంక చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసింది.

"పెట్టనండీ. మొక్క చెప్పింది అమ్మినవాళ్ళకే కాదు, కొన్నవాళ్ళకీ చెప్పాలి. తీర్పొక్కటీ కాదు, గీతలన్నీ చూపించాలి. తెలియని గీత వస్తే తెలియదనే రాయాలి. ముందు ఆ రెండిళ్ళకి మీరు ఇవాళే కబురు చెయ్యాలి. ఇవన్నీ ఒప్పుకుంటేనే నా పట్టీ మీకిస్తాను. లేదంటే నా దగ్గరే ఉంటుంది."

వాళ్ళు ఒప్పుకోలేదు. అలా తెలియపరిస్తే రేపేదైనా జరిగితే ఎవరు బాధ్యులు అన్నారు. సువర్చల పట్టీలు ఇవ్వడం ఆపేసింది. అప్పటికే వాటికి అలవాటుపడ్డ చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు, సత్యవేణి చెప్పింది విని, ఒకరి తర్వాత ఒకరు వాకిలికి మొక్కలు పెట్టడం మానేశారు. అందరికీ నష్టమే వచ్చింది. ఆ ఎండాకాలం సత్యవేణి మళ్ళీ రోడ్డు పక్కన బల్ల వేసుకుని, దారిన పోయే కార్లకి మొక్కలు అమ్మింది. ప్రయోగశాల సుద్దగీతలుగానే ఉండిపోయింది. ఆ కష్టంలోనే ఒకరోజు మహేందర్ తన టాక్సీలో ఒక పత్రికావిలేఖరిని వెంటబెట్టుకుని కడియపులంక వచ్చాడు. స్వరూప కథ పేపర్లో వచ్చింది. మొక్క ఏం చెప్పిందో మాకూ చూపించండని కొన్నవాళ్ళే వాకిలిని అడగడం మొదలుపెట్టారు.

వానలు పడే వేళకి వాకిలి దిగొచ్చింది. పూర్తిగా కాదు, లాయర్లు రాసిన షరతులు చాలానే పెట్టింది. కానీ ఆ రెండిళ్ళకీ కబురు వెళ్ళింది. గీతలు రెండు పక్షాలకీ చూపించడానికి ఒప్పుకుంది. తిరస్కరించేముందు ఒకసారి ఫోన్లో మాట్లాడుకునే వీలు కల్పించింది. సత్యవేణి కొట్టు తెరుచుకుంది. విత్తనాల గదికి ఆనుకుని సువర్చల ప్రయోగశాలకి మొదటి గోడ లేచింది.

ఒక తుంపర పడే ఉదయం, అనంతపురం నుంచి ఒక మల్లెమొక్క తిరిగొచ్చింది. 'చచ్చిన మొక్కే పంపినారు' అని ఫిర్యాదు. సత్యవేణి గీతలు చూసింది. మొక్క నిక్షేపంగా చేరింది. కొన్నాళ్ళు వేళకి నీళ్ళు తాగింది. తర్వాత ఒక్క చుక్కా లేదు. ఆమె ఫోన్ చేసింది. అటువైపు పెద్దాయన గొంతు.

"అయ్యా, గీతలు మీక్కూడా వచ్చుంటాయి. మొక్క బాగానే చేరిందండి. మధ్యలో నీళ్ళు ఆగిపోయాయి. ఏమైందండీ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నిజమేలేమ్మా. అబద్ధం చెప్పినా. మా ఆడమనిషికి గుండె ఆపరేషన్ అయ్యింది. నేను ఆస్పత్రిలోనే ఉండిపోతి. ఇంటికొచ్చి చూస్తే మల్లెచెట్టు ఎండిపోయిండాది. ఆయమ్మ ముచ్చటపడి తెప్పించుకున్న చెట్టు. వచ్చినంక చూస్తే బాధపడుతుందని, దుడ్లు వాపసు వస్తే ఇంగొకటి తెప్పిద్దామని..."

"ఇంటికి ఎప్పుడు పంపిస్తామన్నారండీ ఆమెని?"

"బేస్తవారం అన్నారమ్మా."

"డబ్బులు వాపసు ఇవ్వనండి" అంది సత్యవేణి. "మొక్క పంపిస్తాను. బుధవారానికల్లా మీ ఇంట్లో ఉంటుంది. ఈసారి ఎన్నాళ్ళకొకసారి నీళ్ళు పోయాలో కూడా రాసి పెడతాను."

ఆయన ఇంటి గుర్తులు మళ్ళీ చెప్పాడు. ఆమె సరేనండీ అని పెట్టేసి, నెత్తిమీద సంచి కప్పుకుని తుంపరలోకి నడిచింది. మల్లెల వరసలో ఒక్కొక్క మొక్కనీ తిప్పి తిప్పి చూసి, పువ్వు విచ్చుకున్నవి వదిలేసి, గురువారానికి విచ్చుకునే మొగ్గలున్నదాన్ని ఏరి తీసింది.